అకౌంట్ హ్యాక్ అయ్యి మన సర్వర్ నుంచి స్పామ్ పోయింది, పోయిన పేరు తిరిగి తెచ్చుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత మెయిల్ సర్వర్ నడుపుకునే కాలేజీలు, చిన్న ఆఫీసులు, హోస్టింగ్ వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, తీసుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చూసుకునేది), రౌండ్‌క్యూబ్ (బ్రౌజర్‌లో వాడే వెబ్‌మెయిల్) ఉన్న సర్వర్ చూసుకుంటాను. మేమూ ఒకసారి ఈ దెబ్బ తిన్నాం, అప్పట్నుంచి తెలిసిన అడ్మిన్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. వరసగా చదవండి, ఈ పనిలో వరసే ముఖ్యం. ఫోన్ చేసే వాళ్ళలో ఎక్కువమంది బ్లాక్‌లిస్ట్ (స్పామ్ పంపే ఐపీల జాబితా, దాన్ని చూసి మిగతా సర్వర్లు మన మెయిల్ ఆపేస్తాయి) లోంచి తీయించుకోవడంతో మొదలుపెడతారు, నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని.

బయటివాళ్ళు మన అడ్రస్ వాడుకుంటున్నారా, నిజంగా మన సర్వర్ నుంచే పోతోందా, ఎలా తేల్చుకోవాలి?

చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఎవరి ఇన్‌బాక్స్‌లోనో వందల కొద్దీ డెలివరీ ఫెయిల్ మెయిల్స్ వచ్చి పడతాయి. వాటిలో ఒకటి తెరిచి, కింద అతికించి ఉన్న అసలు మెయిల్ హెడర్స్, అంటే అది ఏ దారిలో వచ్చిందో రాసుండే లైన్లు, చూడండి. రిసీవ్డ్ అనే లైన్లలో అన్నిటికన్నా పైన ఉన్నది, అంటే తీసుకున్న సర్వర్ తానే రాసిన లైను, దాన్నే నమ్మాలి, కింద లైన్లు ఎవడైనా అల్లేయొచ్చు. ఆ పై లైన్లో మీ ఐపీ ఉంటే పోయింది మీ ఇంట్లోంచే. లేకపోతే ఎవడో ఫ్రమ్ దగ్గర మీ అడ్రస్ రాసుకున్నాడంతే, అది డీమార్క్‌తో (మన డొమైన్ పేరు దొంగగా వాడిన మెయిల్‌ని ఏం చేయాలో ఎదుటి సర్వర్లకి చెప్పే రికార్డ్) చూసుకోవాల్సిన వేరే గొడవ.

ఆ తర్వాత మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి క్యూ, అంటే పోవడానికి ఎదురుచూస్తున్న మెయిల్స్ వరస, ఎంతుందో చూడండి. మా దగ్గర మామూలు రోజుల్లో పదో ఇరవయ్యో ఉంటాయి, ఆ ఆదివారం పొద్దున చూస్తే 43 వేలు. ఇంకా హెడర్స్ చూడాల్సిన పనే లేకపోయింది.

సరే, మన దగ్గర్నుంచే పోతోంది. మొట్టమొదట ఏం చేయాలి? సర్వర్ ఆపేయనా?

మొత్తం ఆపొద్దు. ఆపేస్తే లోపలికి వచ్చే మెయిల్ కూడా ఆగిపోతుంది, అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు, మీకు ఆలోచించే టైమ్ కూడా దొరకదు. పోస్ట్‌ఫిక్స్‌లో డిఫర్ అండర్‌స్కోర్ ట్రాన్స్‌పోర్ట్స్ అనే సెట్టింగ్ ఉంది, దానికి ఎస్ఎంటీపీ (బయటి సర్వర్లకి మెయిల్ పంపే పద్ధతి) అని విలువ ఇచ్చి రీలోడ్ చేస్తే బయటికి పోయేవన్నీ క్యూలోనే కూర్చుంటాయి, లోపలికి వచ్చేవి మామూలుగా మెయిల్‌బాక్సుల్లో పడుతూనే ఉంటాయి. ఇది రెండు నిమిషాల పని. ఇక అక్కడినుంచి కొత్తగా ఒక్క స్పామ్ కూడా గడప దాటదు, మీరు నెమ్మదిగా కూర్చుని వెతుక్కోవచ్చు. బ్లాక్‌లిస్టుల వాళ్ళు ఆఖరి స్పామ్ ఎప్పుడు వచ్చిందో చూసి అక్కణ్ణుంచే లెక్క వేసుకుంటారు, అందుకే ఆ ఆఖరి స్పామ్ ఎంత తొందరగా ఆగితే మీకంత మంచిది.

ఏ అకౌంట్ నుంచి పోతోందో ఎలా పట్టుకోవాలి?

డెబియన్, ఉబుంటు అయితే వార్ లాగ్ కింద మెయిల్ డాట్ లాగ్, రెడ్‌హ్యాట్ రకం అయితే మెయిల్‌లాగ్. అందులో సాసల్ యూజర్‌నేమ్ (లాగిన్ అయ్యి పంపినవారి పేరు) అని ఉన్న లైన్లు గ్రెప్ చేసి, అంటే వెతికి తీసి, పేరు వారీగా సార్ట్ చేసి లెక్కపెట్టండి. దొంగ ఎప్పుడూ పైనే ఉంటాడు. మా లాగ్‌లో రాత్రి 1:52 దగ్గర్నుంచి ఒకటే పేరు, ఎగ్జామ్ సెక్షన్ అకౌంట్. మొదటి లైన్లో ఒక దేశం ఐపీ, రెండు సెకన్లకి ఇంకో ఖండం ఐపీ, మెథడ్ లాగిన్, యూజర్ మాత్రం అదే. ఎగ్జామ్ సెక్షన్ మేడం ఆ టైమ్‌లో ఇంట్లో నిద్రపోతున్నారు. ఒకే మనిషి ఒకే నిమిషంలో పదిచోట్ల లాగిన్ అయినట్టు కనపడిందంటే ఇక డౌట్ అక్కర్లేదు.

రెండు మెలికలున్నాయి ఇక్కడ. వెబ్‌మెయిల్ నుంచి పంపిస్తే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో క్లయింట్ ఐపీ 127.0.0.1, అంటే మీ సర్వర్ సొంత అడ్రసే, కనపడుతుంది, కాబట్టి అసలు ఐపీ కోసం రౌండ్‌క్యూబ్ లాగ్ గానీ వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ గానీ తెరవాల్సిందే. రెండోది, సాసల్ లైనే లేకుండా పికప్ అన్న లైను, పక్కన యూఐడీ 33 అని కనపడితే అది మనిషి అకౌంట్ కాదు, డెబియన్‌లో అది వెబ్ సర్వర్ యూజర్ నంబర్, అంటే మీ వెబ్‌సైట్‌లో ఏదో పాత పీహెచ్‌పీ స్క్రిప్ట్‌కి కన్నం పడింది. అప్పుడు ఎంతమంది పాస్‌వర్డులు మార్చినా లాభం లేదు, ఆ స్క్రిప్ట్‌ని పట్టుకోవాలి.

పాస్‌వర్డ్ మార్చేశాను అన్నా, ఐనా ఇంకా పోతూనే ఉంది, ఏంటిది?

అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పాస్‌వర్డ్ మార్చడం అంటే తలుపుకి కొత్త తాళం వేయడం, లోపల ఉన్నవాడు లోపలే ఉన్నాడు కదా. కారణాలు సాధారణంగా ఇవి. ముందుగా క్యూ, ఇంతకుముందే లోపలికి వచ్చేసిన వేల మెయిల్స్‌కి పాస్‌వర్డ్‌తో ఇక పనిలేదు, పోస్ట్‌ఫిక్స్ వాటిని డిఫాల్ట్‌గా 5 రోజుల పాటు మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తూనే ఉంటుంది. తర్వాత బతికున్న కనెక్షన్లు, ఒకసారి లాగిన్ అయిన ఎస్ఎంటీపీ సెషన్ తెంపేదాకా లాగిన్ అయ్యే ఉంటుంది, రీలోడ్ కొట్టినా పాత సెషన్ అయిపోయే వరకు ఆగుతుంది కాబట్టి పోస్ట్‌ఫిక్స్‌ని పూర్తిగా స్టాప్ చేసి స్టార్ట్ చేయండి. డవ్‌కాట్‌లో డవ్‌అడ్మిన్ కిక్ అని యూజర్ పేరు ఇస్తే ఐమ్యాప్ (మెయిల్ చదివే) సెషన్లు తెగుతాయి, ఆథ్ కాష్ (లాగిన్ వివరాలు కాసేపు గుర్తుపెట్టుకునేది) ఆన్ చేసుకుని ఉంటే అది కూడా ఫ్లష్ చేయాలి, లేకపోతే పాత పాస్‌వర్డే కాసేపు చెల్లుతుంది. వెబ్‌మెయిల్ సెషన్లు కూడా తుడిచేయండి.

ఇవన్నీ చేసినా పోతుంటే రెండో అకౌంట్ ఉంది. ఫిషింగ్ మెయిల్ (దొంగ లాగిన్ పేజీకి లాగి పాస్‌వర్డ్ కొట్టేసేది) ఒక్కరికే రాదు కదా, స్టాఫ్ మొత్తానికి వస్తుంది, ఒకరు పట్టుబడ్డారంటే ఇంకో ఇద్దరు ముగ్గురు పాస్‌వర్డ్ ఇచ్చే ఉంటారు, వాడు ఒకటి అయిపోయాక ఇంకోటి తీస్తాడు. మాకు మొదటి అకౌంట్ మూసిన 3 గంటలకి సివిల్ డిపార్ట్‌మెంట్ అకౌంట్ మొదలైంది. ఇంకో సంగతి, ఆ అకౌంట్‌లో సీవ్ ఫిల్టర్లు (వచ్చిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రూల్స్), ఫార్వర్డింగ్, సంతకం, రిప్లై టు అడ్రస్ అన్నీ తెరిచి చూడండి. బౌన్స్ మెయిల్స్ యజమాని కంట పడకుండా డిలీట్ చేసే రూల్ ఒకటి, వచ్చిన ప్రతి మెయిల్ కాపీ బయటి అడ్రస్‌కి పంపే రూల్ ఒకటి పెట్టి పోతారు, పాస్‌వర్డ్ మారినా ఆ ఫార్వర్డ్ మాత్రం నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. కొత్త పాస్‌వర్డ్ కూడా అర్ధగంటలో పోయిందంటే కంప్యూటర్‌లోనే వైరస్ ఉంది, ముందు మిషన్ శుభ్రం చేయించి తర్వాత వేరే మిషన్ నుంచి పాస్‌వర్డ్ మార్పించాలి.

క్యూలో వేలకొద్దీ ఉన్నాయి, అన్నీ ఒకేసారి డిలీట్ కొట్టేయొచ్చా?

వద్దండి, దయచేసి వద్దు. పోస్ట్‌సూపర్ మైనస్ డి ఆల్ అని కొడితే మొత్తం పోతుంది, తిరిగి తెచ్చుకునే దారి లేదు, అందులో ఎవరి జీతం లెటరో, ఏ స్టూడెంట్ బోనఫైడ్‌కి జవాబో ఉంటుంది. ముందు ఆ కమాండ్‌లోనే డి బదులు చిన్న హెచ్ పెట్టి అన్నిటినీ హోల్డ్‌లోకి తోయండి, అక్కడ అవి కదలవు, చెడవు. తర్వాత పోస్ట్‌ఫిక్స్ 3.1 నుంచి పోస్ట్‌క్యూ మైనస్ జె అంటే క్యూ అంతా జేసన్‌లో (స్క్రిప్ట్ తేలిగ్గా చదివే రూపంలో) వస్తుంది, సెండర్ వారీగా ఏరి ఆ ఐడీలు మాత్రమే డిలీట్‌కి ఇవ్వండి. స్పామర్ ప్రతి మెయిల్‌కీ వేరే వేరే ఫ్రమ్ పెట్టి ఉంటే సెండర్‌తో ఏరడం కుదరదు, అప్పుడు పోస్ట్‌క్యాట్ మైనస్ క్యూ అని ఒక ఐడీ ఇచ్చి చూడండి, క్యూ ఫైల్ లోపల ఎవరు లాగిన్ అయ్యి పంపారో సాసల్ యూజర్‌నేమ్ కూడా రాసి ఉంటుంది, దాన్ని పట్టుకుని చిన్న స్క్రిప్ట్ రాసుకుంటే సరిపోతుంది.

మెయిలర్ డీమన్ పేరుతో ఉన్న బౌన్సులు (డెలివరీ ఫెయిల్ అయిందని తిరిగిపోయే మెయిల్స్) కూడా తీసేయండి, అవి పోయి పడేది ఏ పాపం తెలియని వాళ్ళ నెత్తిన, దానికి కూడా మీకే చెడ్డ పేరు. ఒక అయిదారు స్పామ్ మెయిల్స్ మాత్రం పక్కన దాచండి, తర్వాత పనికొస్తాయి.

అసలు పాస్‌వర్డ్ వాళ్ళకి ఎలా దొరికింది? ఇప్పుడు అది తెలుసుకోవడం అవసరమా?

చాలా అవసరం. అది తెలియకపోతే కన్నం పూడ్చినట్టు కాదు, వచ్చే వారం మళ్ళీ ఇదే కథ.

మా దగ్గర ఏం జరిగిందో చెప్తా. శుక్రవారం సాయంత్రం స్టాఫ్‌కి ఒక మెయిల్, మీ మెయిల్‌బాక్స్ 98% నిండింది, 24 గంటల్లో అకౌంట్ ఆగిపోతుంది, ఇక్కడ నొక్కండి అని. నొక్కితే అచ్చం మా వెబ్‌మెయిల్ పేజీ, అదే లోగో, అదే రంగు, వాడు మా లాగిన్ పేజీని ఉన్నదున్నట్టు దించేశాడు. ఎగ్జామ్ సెక్షన్ మేడం బస్సులో ఫోన్‌లో చూశారు, చిన్న స్క్రీన్‌లో అడ్రస్ బార్ సగం తెగి కనపడుతుంది. పాస్‌వర్డ్ కొడితే తప్పు అని వచ్చింది, మళ్ళీ కొట్టారు, మళ్ళీ తప్పు, డౌటొచ్చి తన పాత పాస్‌వర్డ్ కూడా కొట్టారు. అంటే వాడికి రెండు పాస్‌వర్డులు దొరికాయి. హాల్‌టికెట్ల టైమ్, అకౌంట్ ఆగిపోతే ఎలా అని ఆవిడ భయం, వాడు ఆడుకున్నది ఆ భయంతోనే.

సోమవారం ఆవిడ నా దగ్గరికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పారు, ఏ టైమ్‌కి నొక్కారో కూడా. అందువల్లే ఆ ఫిషింగ్ లింక్ దొరికింది, ఆ లింక్ ఎవరెవరికి వచ్చిందో లాగ్‌లో వెతికి మిగతా 11 మందికి ఫోన్ చేసి పాస్‌వర్డులు మార్పించాం. అందుకే చెప్తున్నా, ఆ మనిషిని నలుగురి ముందు తిట్టొద్దు, మెమో ఇప్పించొద్దు. ఈసారి తిడితే వచ్చేసారి నొక్కినవాళ్ళు నోరు విప్పరు, మీకు తెలిసేసరికి 43 వేలు కాస్తా 4 లక్షలు అవుతాయి.

ఫిషింగ్ కాకపోతే ఇంకో సైట్‌లో వాడిన పాస్‌వర్డే ఇక్కడా వాడటం, లేదా కాలేజీ పేరు ఎట్ 123 లాంటి పాస్‌వర్డులు. అకౌంట్ తెరిచేటప్పుడు అందరికీ ఒకటే డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు మీ దగ్గర ఉంటే ఈ రోజే మానేయండి.

ఏయే బ్లాక్‌లిస్టుల్లో ఉన్నామో ఎలా చూడాలి? వంద లిస్టులు చెక్ చేసే సైట్‌లో ఎర్రగా వస్తోంది, భయమేస్తోంది.

ముందు మీ బౌన్స్ మెసేజ్ చదవండి. ఎవరు, ఏ లిస్ట్ చూసి ఆపారో అందులోనే ఉంటుంది. ఆ వంద లిస్టుల్లో చాలావాటిని పెద్ద మెయిల్ కంపెనీలు ఏవీ వాడవు, అన్నిటి వెంట పడితే వారం పోతుంది.

నిజంగా పట్టించుకోవాల్సింది స్పామ్‌హాస్ అనే సంస్థ లిస్టులు. వాళ్ళ ఐపీ లిస్టులన్నీ కలిపిన జెన్ లిస్ట్‌ని డీఎన్ఎస్‌లో అడిగితే వచ్చే నంబరే జవాబు, 127.0.0.2 అంటే ఎస్‌బీఎల్ (వాళ్ళ మనుషులు చూసి వేసిన స్పామ్ ఐపీలు), చివర 3 అంటే సీఎస్ఎస్ (ఆటోమేటిక్‌గా పట్టిన స్పామ్ ఐపీలు), 4 నుంచి 7 లోపు అంటే ఎక్స్‌బీఎల్ (వైరస్ పట్టిన, హ్యాక్ అయిన మిషన్లు), 10 లేదా 11 అంటే పీబీఎల్. అకౌంట్ హ్యాక్ అయినప్పుడు ఎక్కువగా తగిలేది సీఎస్ఎస్, ఒక్కోసారి ఎక్స్‌బీఎల్. పీబీఎల్ వస్తే అది స్పామ్ చేశారని కాదు, ఆ ఐపీ నుంచి నేరుగా మెయిల్ పంపకూడదని ఉన్న లిస్ట్ అది, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద సర్వర్ పెట్టుకున్నవాళ్ళకి కనపడుతుంది. డొమైన్ పేరుకి డీబీఎల్ అని వేరేగా ఉంది, అది కూడా చూడండి.

ఒక్క జాగ్రత్త, 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే స్పామ్‌హాస్ నిజం జవాబు ఇవ్వదు, 127.255.255.254 అని వస్తుంది, అది ఎర్రర్ కోడ్, దాన్ని చూసి లిస్ట్ అయ్యామని హడావిడి పడొద్దు. మీ సొంత రిజాల్వర్ నుంచి అడగండి, లేదా వాళ్ళ వెబ్‌సైట్‌లో చెకర్ పేజీ ఉంది, ఐపీ కొడితే కారణంతో సహా చెప్తుంది.

తీసేయమని రిక్వెస్ట్ ఎప్పుడు పెట్టాలి, ఏం రాయాలి?

స్పామ్ ఆగి, క్యూ శుభ్రం అయ్యి, కన్నం ఎక్కడో తెలిసి, దాన్ని పూడ్చాక. కనీసం ఒక రోజు లాగ్స్ ప్రశాంతంగా ఉన్నాయని చూసుకుని పెట్టమంటాను. ముందే పెడితే ఏమవుతుందంటే వాళ్ళు తీస్తారు, మీ దగ్గర్నుంచి మళ్ళీ స్పామ్ పోతుంది, మళ్ళీ లిస్ట్ అవుతారు, రెండోసారి అడిగినప్పుడు అంత తేలిగ్గా తీయరు. ఆ ఫామ్‌లో సమస్య సరిచేశాం అని మీరు రాసేది మాట ఇవ్వడమే, మాట తప్పిన వాణ్ణి ఎవరు నమ్ముతారు.

రాసేటప్పుడు పొడుగ్గా వద్దు, బతిమాలొద్దు, మా కాలేజీ చాలా పెద్దది అని చెప్పొద్దు. నేను రాసింది దాదాపు ఇదే: ఫలానా తేదీ రాత్రి 1:52 నుంచి పొద్దున 7:40 వరకు ఫిషింగ్ వల్ల పోయిన రెండు అకౌంట్లు వాడి మా ఐపీ నుంచి స్పామ్ వెళ్ళింది, ఆ అకౌంట్లు మూశాం, సెషన్లు తెంపాం, క్యూ తుడిచాం, ఒక్కో యూజర్‌కి గంటకి ఇన్ని మెయిల్స్ అని లిమిట్ పెట్టాం, అప్పట్నుంచి లాగ్స్ శుభ్రంగా ఉన్నాయి. అంతే. చదివే మనిషికి రోజూ వందల ఫామ్‌లు వస్తాయి, టైమ్, కారణం, చేసిన పని ఈ మూడూ కనపడితే చాలు.

సీఎస్ఎస్, ఎక్స్‌బీఎల్ అయితే వెబ్‌సైట్ నుంచి మీరే తీయించుకోవచ్చు. ఎస్‌బీఎల్ అయితే అలా కాదు, ఆ ఐపీ ఎవరిదో, అంటే మీ ఐఎస్‌పీ లేదా డేటాసెంటర్, వాళ్ళే స్పామ్‌హాస్‌తో మాట్లాడాలి, కాబట్టి వాళ్ళ అబ్యూజ్ టీమ్‌కి ఇదే వివరం పంపండి. బారకూడాకి వేరే ఫామ్ ఉంది. స్పామ్‌కాప్‌లో ఏమీ చేయక్కర్లేదు, కొత్త కంప్లయింట్స్ రాకపోతే 24 గంటల్లోపు దానంతట అదే పోతుంది.

డబ్బు కడితే వెంటనే తీసేస్తాం అంటున్నారు, కట్టాలా?

కట్టొద్దు. యూసీఈ ప్రొటెక్ట్‌లో అలా ఆప్షన్ ఉంటుంది, కట్టకపోయినా ఆఖరి స్పామ్ నుంచి 7 రోజులకి అదే పోతుంది. దాని లెవల్ 2, లెవల్ 3లో ఉంటే తప్పు మీది కూడా కాదు, మీ చుట్టుపక్కల ఐపీలదో మొత్తం ప్రొవైడర్ నెట్‌వర్క్‌దో. స్పామ్‌హాస్ తీయడానికి పైసా అడగదు, స్పామ్‌హాస్ నుంచి తీయిస్తాం అని ఎవరైనా డబ్బు అడిగితే వాళ్ళు మోసగాళ్ళే.

బ్లాక్‌లిస్టులన్నీ క్లియర్, ఐనా జీమెయిల్‌కి పోవట్లేదు, లేదా స్పామ్‌లో పడుతోంది.

జీమెయిల్ తన లెక్క తనే వేసుకుంటుంది, మీ ఐపీకి ఒక పేరు, మీ డొమైన్‌కి ఒక పేరు, ఇంకా వాళ్ళ యూజర్లు మీ మెయిల్‌ని స్పామ్ అని నొక్కారా లేదా అని. స్పామ్‌హాస్‌లో లాగా నొక్కగానే తీసేసే బటన్ అక్కడ లేదు. లాగ్‌లో 421 4.7.28 అని వస్తే మీ దగ్గర్నుంచి స్పామ్ మామూలుకన్నా ఎక్కువ వస్తోంది, అందుకని నెమ్మది చేశాం అని అర్థం. 421 తాత్కాలికం, 550 అయితే తిప్పికొట్టేశారు.

చేయాల్సింది గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్ చేర్చుకుని స్పామ్ రేట్ (మీ మెయిల్‌ని స్పామ్ అని నొక్కినవాళ్ళ శాతం) చూసుకోవడం. గూగుల్ చెప్పేది అది 0.10% లోపు ఉండాలి, 0.30% ఎప్పుడూ తాకకూడదు అని. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5000కి పైగా జీమెయిల్ అడ్రసులకి పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద మీ సర్వర్ పెట్టే డిజిటల్ సంతకం), డీమార్క్ మూడూ తప్పనిసరి, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్‌లో ఒకటైనా పంపే ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఐపీకి పీటీఆర్ (ఆ ఐపీ పేరేంటో చెప్పే) రికార్డ్ ఉండాలి, ఆ పేరు మళ్ళీ అదే ఐపీకి తిరిగి రావాలి. ఆ తర్వాత మిగిలింది మంచి మెయిల్ కొద్దికొద్దిగా పంపుతూ ఓపిక పట్టడం. ఈ టైమ్‌లో సర్క్యులర్లు, న్యూస్‌లెటర్లు, గ్రూప్ మెయిల్స్ అన్నీ ఆపేయండి. మనిషికి మనిషి రాసుకునే మెయిల్, ఎదుటివాళ్ళు తెరిచి జవాబిచ్చే మెయిల్, అదే పేరు నిలబెడుతుంది. స్టాఫ్‌కి చెప్పండి, వాళ్ళ జీమెయిల్‌లో మీ మెయిల్ స్పామ్‌లో పడితే తీసి నాట్ స్పామ్ నొక్కమని, నిజంగా ఎదురుచూస్తున్న మెయిల్ అయితేనే సుమా, దొంగ అకౌంట్లతో ఆ పని చేయించొద్దు.

అవుట్‌లుక్, హాట్‌మెయిల్ సంగతి?

బౌన్స్‌లో కోడ్ చూసి దారి ఎంచుకోవాలి. ఎస్ 3140 లేదా ఎస్ 3150 అని ఉంటే అది హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ వైపు, వాళ్ళ సపోర్ట్ ఫామ్ నింపాలి. మొదట ఆటోమేటిక్‌గా అర్హత లేదు అని జవాబు వస్తే వదిలేయకండి, అదే మెయిల్‌కి మర్యాదగా రిప్లై ఇచ్చి మనిషి చూడాలని అడగండి, మాకు రెండో రిప్లైకి కదిలింది. 5.7.606 నుంచి 649 లోపు కోడ్ అయితే అది ఆఫీస్ 365 వైపు, దానికి వేరే డీలిస్ట్ పోర్టల్ ఉంది, ఐపీ ఇచ్చి మెయిల్‌కి వచ్చిన లింక్ నొక్కితే చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎస్ఎన్‌డీఎస్‌లో మీ ఐపీ నమోదు చేసుకుంటే వాళ్ళకి మీరు ఎలా కనపడుతున్నారో తెలుస్తుంది, జేఎంఆర్‌పీలో చేరితే ఎవరైనా జంక్ నొక్కినప్పుడు మీకు కాపీ వస్తుంది.

యాహూలో టీఎస్ఎస్ 04 అని వచ్చేది తాత్కాలికమే, పంపడం తగ్గిస్తే దానంతట అదే వదులుతుంది.

ఇంత గొడవ ఎందుకు, ఐపీ మార్చేస్తే పోలా?

మార్చాలని అందరికీ అనిపిస్తుంది. కొత్త ఐపీకి చెడ్డపేరు లేదు, కానీ మంచి పేరూ లేదు, ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఎవరూ అప్పివ్వనట్టే, పెద్ద కంపెనీలు దాన్నుంచి ఒక్కసారి ఎక్కువ మెయిల్ వస్తే అనుమానంగానే చూస్తాయి. డొమైన్ పేరు అదే కదా, డొమైన్ మీద పడ్డ మచ్చ ఐపీతో పాటు పోదు. ఒక ఐపీ పాడవగానే ఇంకో ఐపీకి దూకడం సరిగ్గా స్పామర్లు చేసే పని, మీరూ అదే చేస్తే మిమ్మల్నీ అదే గంపలో వేస్తారు.

అర్జెంట్ మెయిల్స్ ఉంటే, అడ్మిషన్లు, ఫీజు రసీదులు లాంటివి, కొన్నాళ్ళు పేరున్న రిలే సర్వీస్ (మన తరఫున తమ సర్వర్ల నుంచి మెయిల్ పంపేవాళ్ళు) ద్వారా పంపుకోవచ్చు, దానికి ఎస్‌పీఎఫ్‌లో వాళ్ళని చేర్చాలి, ఎస్‌పీఎఫ్ లుకప్‌లు 10 దాటకుండా చూసుకోవాలి. కన్నం పూడ్చకుండా రిలే పెట్టుకుంటే మాత్రం స్పామ్ వాళ్ళ దార్లో పోతుంది, వాళ్ళు మీ అకౌంట్ మూసేస్తారు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పక్కాగా ఉన్నాయి మాకు, ఐనా ఎందుకు ఇలా అయింది?

అవి మీ అడ్రస్‌ని బయటివాడు వాడకుండా ఆపుతాయి. ఇక్కడ వాడు మీ యూజర్‌గా లాగిన్ అయ్యి మీ సర్వర్ నుంచే పంపాడు, ఎస్‌పీఎఫ్ పాస్, మీ సర్వరే డీకిమ్ సంతకం పెట్టింది, డీమార్క్ పాస్. అంటే ప్రతి స్పామ్ మీద మీ ముద్ర ఉంది. అందుకే ఐపీతో పాటు డొమైన్ పేరు కూడా దెబ్బతింటుంది. ఆ సంతకం ఉన్న స్పామ్‌ని ఇంకెవరైనా ఇంకో సర్వర్ నుంచి మళ్ళీ మళ్ళీ పంపొచ్చు, కాబట్టి అంతా సర్దుకున్నాక కొత్త సెలెక్టర్‌తో (డీఎన్ఎస్‌లో డీకిమ్ కీకి పెట్టే పేరు) 2048 బిట్ల కీ పెట్టుకుని పాతది తీసేయడం మంచిది.

మళ్ళీ జరక్కుండా ఒకే ఒక్క పని చేయమంటే ఏం చేయాలి?

యూజర్ వారీగా రేట్ లిమిట్. పాస్‌వర్డులు మళ్ళీ పోతాయి, అది ఆపలేం, పోయినప్పుడు 43 వేలు కాకుండా 100 దగ్గర ఆగితే ఏ లిస్ట్ వాళ్ళ కంటా పడం. పోస్ట్‌ఫిక్స్‌లో క్లయింట్ మెసేజ్ రేట్ లిమిట్ ఉంది కదా అని చాలామంది దాన్నే పెట్టుకుని ధైర్యంగా ఉంటారు, కానీ అది ఐపీ వారీగా లెక్కపెడుతుంది, స్పామర్ 500 ఐపీల నుంచి తలా పది పంపితే అది కదలదు. లాగిన్ అయిన పేరు వారీగా లెక్కపెట్టేది కావాలి, పోస్ట్‌ఫిక్స్‌కి తగిలించే ప్రోగ్రాములు ఉన్నాయి, ఆర్‌స్పామ్‌డీ రేట్‌లిమిట్‌లో గానీ పోస్ట్‌ఫ్‌డబ్ల్యూడీలో గానీ అది కుదురుతుంది. మేము మామూలు స్టాఫ్‌కి గంటకి 60 పెట్టాం, ఎగ్జామ్ సెక్షన్‌కి పరీక్షల టైమ్‌లో మాత్రం పెంచుతాం.

టైమ్ ఉంటే ఇంకొన్ని. ఎవరి లాగిన్‌తో వాళ్ళ అడ్రస్ మాత్రమే ఎన్వలప్ సెండర్‌గా (సర్వర్‌కి చెప్పే పంపేవారి అడ్రస్) పెట్టనిచ్చే సెండర్ లాగిన్ మిస్‌మ్యాచ్ రూల్, పోర్ట్ 25 మీద లాగిన్ తీసేసి 587, 465లోనే ఉంచడం, వెబ్‌మెయిల్‌కి రెండో అంచె ఓటీపీ, క్యూ 500 దాటితే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చే చిన్న స్క్రిప్ట్. లోపలి నెట్‌వర్క్‌లో ల్యాబ్ కంప్యూటర్లు నేరుగా బయటి పోర్ట్ 25కి పోకుండా ఫైర్‌వాల్‌లో మూసేయండి. అబ్యూజ్, పోస్ట్‌మాస్టర్ అనే అడ్రసులు పనిచేస్తున్నాయా, వాటిని రోజూ ఎవరైనా చదువుతున్నారా చూడండి. మాకు ఆ రాత్రి 2:30కే ఒకరు అబ్యూజ్ అడ్రస్‌కి కంప్లయింట్ రాశారు, ఆ మెయిల్‌బాక్స్ తెరిచి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

పైవాళ్ళకి, యూజర్లకి ఏం చెప్పాలి? గవర్నమెంట్‌కి చెప్పాలా?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మెయిల్ ఎప్పటికి బాగవుతుందో తెలియకపోతే తెలియదనే చెప్పండి. ముఖ్యమైన మెయిల్ పంపేవాళ్ళని అది చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోమనండి. స్పామ్ అందుకున్న బయటివాళ్ళందరికీ క్షమాపణ మెయిల్ పంపిద్దాం అని మేనేజ్‌మెంట్ అంటుంది, మంచి ఉద్దేశమే, కానీ అడగని వేలమందికి మళ్ళీ మెయిల్ పంపడం అంటే అది కూడా స్పామే, గట్టిగా వద్దనండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి 2022 ఏప్రిల్ 28న సెర్ట్ ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాలు వర్తిస్తాయి, మెయిల్ సర్వర్ల మీద దాడులు, ఫిషింగ్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి, తెలిసిన 6 గంటల్లోపు వాళ్ళకి రిపోర్ట్ చేయాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి. డెబియన్‌లో మెయిల్ లాగ్ మామూలుగా వారానికొకటి చొప్పున నాలుగే ఉంటాయి, ఐదో వారం వస్తే పాతది చెరిగిపోతుంది, కాబట్టి లాగ్‌రొటేట్ సెట్టింగ్ మార్చుకోండి, ఇప్పటి లాగ్స్ వేరేచోట కాపీ పెట్టుకోండి.

ఎన్ని రోజులు పడుతుంది?

మాకు స్పామ్‌హాస్ ఒక్క రోజులో, హాట్‌మెయిల్ 4 రోజులు, జీమెయిల్ స్పామ్ ఫోల్డర్ లోంచి బయటపడటానికి దాదాపు మూడు వారాలు. స్పామ్ ఎంతసేపు పోయింది, మీరు రోజూ పంపే మంచి మెయిల్ ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. చాలా తక్కువ మెయిల్ పంపే చిన్న డొమైన్లకి ఎక్కువ రోజులు పడుతుంది, ఎందుకంటే మీరు మారారని చూపించడానికి వాళ్ళ దగ్గర మీ మెయిల్ ఉండాలి కదా.

హోల్డ్‌లో పెట్టిన అసలు మెయిల్స్ ఇప్పుడు ఎలా వదలాలి?

ఒకేసారి వదలొద్దు. డిఫర్ ట్రాన్స్‌పోర్ట్స్ సెట్టింగ్ తీసేసే ముందు జీమెయిల్, యాహూ, హాట్‌మెయిల్‌కి మాస్టర్ డాట్ సీఎఫ్‌లో స్లో అని ఒక వేరే ట్రాన్స్‌పోర్ట్ పెట్టి, దానికి డెస్టినేషన్ రేట్ డిలే ఒక 5 సెకన్లు ఇచ్చి, ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో ఆ డొమైన్లు దానికి కలపండి. తర్వాత పోస్ట్‌సూపర్‌లో పెద్ద హెచ్‌తో ఇరవై చొప్పున వదిలి, లాగ్ టెయిల్ పెట్టుకుని చూడండి. 250 (అంటే తీసుకున్నారు) వస్తే ఇంకో ఇరవై, 421 వస్తే ఆగి గంట తర్వాత. 5 రోజులు దగ్గర పడ్డ మెయిల్స్‌ని ముందు చూడండి, గడువు దాటాక వదిలితే ఒక్కసారి ట్రై చేసి, అది కుదరకపోతే బౌన్స్ అయిపోతాయి, అందుకే వదిలే ముందు క్యూ లైఫ్‌టైమ్‌ని 10 రోజులకి పెంచుకుని, అంతా వెళ్ళాక మళ్ళీ తగ్గించుకోండి. మా దగ్గర మిగిలినవి 212. అవి వెళ్ళడానికి బుధవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది, ఆఖర్న మిగిలింది ఎగ్జామ్ సెక్షన్ నుంచి ఒక స్టూడెంట్‌కి వెళ్ళాల్సిన హాల్‌టికెట్. అది మాత్రం మెయిల్‌లో వదలకుండా మేడమే ప్రింట్ తీసి ఇచ్చేశారు.